గాలికి కాపలా

ఖమ్మం నుండి భద్రాచలం వెళ్ళే బాట సుమారు 120 కిలోమీటర్లు. ఈ బాటన సాగే యాత్రికునికి మొదట పొలాలు కనిపిస్తాయి. కొంతదూరం పోయిన తరువాత బొగ్గుగనుల పట్టణమైన కొత్తగూడెం, దానికి చేరువలో పాల్వంచ, అక్కడి విద్యుత్కేంద్రపు ఎత్తైన పొగగొట్టాలు ఎదురవుతాయి. పాల్వంచకు ఒక ప్రక్కన కిన్నెరసాని అభయారణ్యం ఉన్నది. ఇంకా ముందుకు పోతే గోదావరికి ఈవల సారపాక కాగితపు మిల్లు, వంతెన దాటగానే భద్రాద్రి రాముని ఆలయం. అడవి, గని, పొగగొట్టం, పుణ్యక్షేత్రం ఇంత దగ్గర దగ్గరగా ఉన్న ప్రాంతం తెలుగునాట మరొకటి లేదనే చెప్పాలి.

అడవి అంచున ఉన్న ఊళ్ళకు మంచిగాలికి కొదువేమిటని దూరపువారు అనుకొంటారు. ఆ మాటలో సగమే నిజం. వేసవి మధ్యాహ్నం ఎండిన బూడిదచెరువు మీదుగా గాలి వీచినప్పుడు ఆ దిక్కున ఉన్న ఇండ్లలో ఆరవేసిన బట్టలు ఏ రంగుకు తిరుగుతాయో అక్కడి గృహిణులకు తెలుసు. ఆ తెలివిడికి ప్రభుత్వ నివేదికలలో చోటు దొరకడం ఎట్లా అన్నదే ఇక్కడ విచారించవలసిన విషయం.

ఈ ప్రాంతపు గాలికి ఒక చరిత్ర ఉన్నది. 1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు పరిసరాలలో బొగ్గు నిక్షేపాలను కనుగొన్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనులు త్రవ్వే హక్కు పొందింది. ఆ వ్యాపారమే 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీగా రూపొందినది. బొగ్గు ఉన్నచోటికే విద్యుత్కేంద్రం వచ్చింది. కిన్నెరసాని జలాలను ఆధారంగా చేసుకొని 1966లో పాల్వంచలో థర్మల్ విద్యుదుత్పత్తి మొదలైంది. 1979లో సారపాకలో కాగితపు అట్టల కర్మాగారం వెలసింది. ఖమ్మం చుట్టుప్రక్కల నల్లరాతిని కోసి మెరుగుపెట్టే యంత్రాలు వచ్చాయి. వేలాది కుటుంబాలు వీటి వలన అన్నం తింటున్నాయి. ఆ కుటుంబాలే వీటి ధూళిని పీలుస్తున్నాయి.

ధూళి అంతా ఒక్కటి కాదు. మనిషి తలవెంట్రుక మందం 50 నుండి 70 మైక్రాన్లు ఉంటుంది. 10 మైక్రాన్లకు లోబడిన కణాలను పి.ఎం. 10 అని, 2.5 మైక్రాన్లకు లోబడిన వాటిని పి.ఎం. 2.5 అని శాస్త్రజ్ఞులు వ్యవహరిస్తారు. పెద్దకణాలు ముక్కులోను, గొంతులోను నిలిచిపోతాయి. సన్నకణాలు ఊపిరితిత్తుల లోపలి గాలిగదుల దాకా చొచ్చుకొనిపోయి, వాటిలో అతిసూక్ష్మమైనవి రక్తంలో కూడ కలుస్తాయి. గనినుండి బొగ్గు తరలించే బాటపై లేచే ధూళిలో పెద్దకణాలు ఎక్కువ. అది కంటికి కనిపిస్తుంది, కనుకనే దానిపై ఫిర్యాదులు వస్తాయి. వంటచెరకు పొగలోను, అడవికార్చిచ్చు పొగలోను, పొగగొట్టపు వాయువులలోను సన్నకణాలు ఎక్కువ. ఎక్కువ ప్రమాదకరమైనది అంతగా కనిపించకపోవడమే ఇందులోని చిక్కు. రాయి కోసే చోట లేచే ధూళిది మరొక గుణం. అందులోని సిలికా ఊపిరితిత్తులను గట్టిపరచి సిలికోసిస్ అనే మానని వ్యాధిని కలిగిస్తుంది.

గాలి నాణ్యతను పరీక్షించే బాధ్యత 1981నాటి వాయుకాలుష్య నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం కాలుష్య నియంత్రణ మండళ్ళది. దేశమంతటా పాటించే పద్ధతి ఇది: ఒక భవనంపై యంత్రాన్ని నిలిపి, గాలిని పీల్చి, వడపోత కాగితంపై చేరిన ధూళిని తూకం వేస్తారు. వారానికి రెండు రోజులు, రోజుకు 24 గంటలు ఈ పని సాగుతుంది. ఆ విధంగా ఏడాదికి 104 రోజుల లెక్క లభిస్తుంది. 2009 నవంబరులో ప్రకటించిన జాతీయ ప్రమాణాల ప్రకారం ఘనమీటరు గాలిలో పి.ఎం. 10 రోజుసగటు 100 మైక్రోగ్రాములకు, ఏడాదిసగటు 60కి మించరాదు. పి.ఎం. 2.5కు ఈ హద్దులు వరుసగా 60, 40. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో సూచించిన హద్దు దీనికంటె చాల కఠినమైనది. పి.ఎం. 2.5 ఏడాదిసగటు 5 మైక్రోగ్రాములే ఉండాలని ఆ సంస్థ చెప్పింది.

ఈ పద్ధతి శాస్త్రీయమైనదే. అయితే సగటు అనేది చాల మరుగుపరుస్తుంది. తెల్లవారుజామున మూడుగంటల సేపు ఒక వాడను పొగ కమ్మి, మిగిలిన ఇరవైయొక్క గంటలు గాలి తేటగా ఉంటే ఆ రోజు సగటు హద్దుకు లోబడే ఉండవచ్చు. ఆ మూడుగంటలలో ఉబ్బసరోగి పడిన బాధ ఆ అంకెలో ఉండదు. పైగా యంత్రం ఉన్న చోటు ఒకటి, ధూళి పడే చోటు మరొకటి కావచ్చు. వారానికి రెండు రోజుల కొలత అంటే మిగిలిన ఐదు రోజులు కొలతకు అందనివే.

చిన్న పట్టణాలకు మరొక లోటు ఉన్నది. 2019 జనవరిలో కేంద్రప్రభుత్వం స్వచ్ఛవాయు జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించినప్పుడు ప్రమాణాలను అందుకోని 102 నగరాలను ఎంపిక చేసింది. తెలంగాణ నుండి హైదరాబాదు, నల్లగొండ, పటాన్‌చెరు అందులో చేరాయి. ఖమ్మం, కొత్తగూడెం చేరలేదు. థర్మల్ కేంద్రాలు వెలువరించే సల్ఫర్ డైఆక్సైడ్‌కు 2015 డిసెంబరులో హద్దులు విధించి, గడువును పలుమార్లు పొడిగించిన ప్రభుత్వం, 2025 జూలైలో ఆ వాయువును కడిగే యంత్రాలు పెట్టే నిబంధన నుండి చాల కేంద్రాలను మినహాయించింది. పదిలక్షల జనాభా గల నగరాలకు పదికిలోమీటర్ల లోపున ఉన్నవా, కాలుష్యం మితిమీరిన ప్రాంతాలలో ఉన్నవా అన్నది ఈ విభజనకు ఆధారం. నగరవాసి ఊపిరికి, అడవి అంచున నివసించే కోయగూడెం వాసి ఊపిరికి ఇంత తేడా ఎందుకో చెప్పడం కష్టం. యంత్రాలు, నిధులు నగరాలవైపు పోయినప్పుడు చిన్న ఊళ్ళలో గాలికి కాపలా కాయవలసినవారు అక్కడి ప్రజలే అవుతారు.

ప్రజలు గాలిని పరీక్షించడమేమిటి, వారికి యంత్రాలెక్కడివి అనే సందేహం సహజం. దీనికి సమాధానం తమిళనాడులోని కడలూరులో లభించింది.

కడలూరు సమీపాన 1980లలో సిప్కాట్ పారిశ్రామికవాడ ఏర్పడింది. రసాయనాలు, మందులు, రంగులు తయారుచేసే కర్మాగారాలు అందులో వెలిశాయి. వాటి నడుమ చిక్కుకొన్న పల్లెల ప్రజలు దుర్గంధంతో, కళ్ళమంటలతో బాధపడుతూ ఎన్నో అర్జీలు పెట్టుకొన్నారు. అధికారులు వచ్చే సమయానికి వాసన ఉండదు. వాసన ఉన్నప్పుడు అధికారులు ఉండరు. 2004లో ఆ పల్లెలవారు కొందరు సామాజిక పర్యావరణ పర్యవేక్షకులుగా ఏర్పడి, మొట్టమొదట తమ ముక్కునే యంత్రంగా చేసుకొన్నారు. కుళ్ళిన గ్రుడ్డు, కుళ్ళిన క్యాబేజీ, గోళ్ళరంగు అంటూ వాసనలను తమకు తెలిసిన వస్తువులతో పోల్చి పేర్లు పెట్టుకొన్నారు. ఏ రోజున, ఏ వేళ, ఏ చోట, గాలి ఏ దిక్కునుండి వీస్తుండగా ఏ వాసన వచ్చినదో, దానితో ఎవరికి ఏ బాధ కలిగినదో వ్రాసిపెట్టుకొన్నారు. ఇది వట్టి అమాయకపు పని కాదు. కుళ్ళిన గ్రుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌కు, కుళ్ళిన క్యాబేజీ వాసన మెర్‌కాప్టన్లకు గుర్తు అని రసాయనశాస్త్రం చెబుతుంది. వందకోట్ల పాళ్ళ గాలిలో కొద్దిపాళ్ళు ఉన్నా మనిషి ముక్కు వీటిని పసిగట్టగలదు.

ఆపైన వారు బకెట్ పట్టారు. ఈ బకెట్‌కు కూడ ఒక కథ ఉన్నది. 1995లో అమెరికాలోని కాలిఫోర్నియాలో చమురుశుద్ధి కర్మాగారపు వాయువుల వలన జబ్బుపడిన ప్రజల తరఫున వాదించిన ఎడ్వర్డ్ మాస్రీ అనే న్యాయవాది ప్రోద్బలంతో ఇది తయారైంది. మామూలు ప్లాస్టిక్ బకెట్ లోపల రసాయనాలతో కలియని సంచి ఒకటి అమర్చుతారు. చిన్న పంపుతో బకెట్‌లోని గాలిని తోడివేసినప్పుడు బయటిగాలి సంచిలోనికి వస్తుంది. మూతి బిగించి దానిని ప్రయోగశాలకు పంపుతారు. లూసియానా రాష్ట్రంలోని నార్కో పట్టణంలో మార్గీ రిచర్డ్ అనే ఉపాధ్యాయిని ఈ బకెట్ సాక్ష్యంతో పోరాడింది. చివరకు అక్కడి కంపెనీ ఆ వాడవారు వేరొకచోటికి తరలిపోవడానికి ధనం ఇచ్చింది. ఆమెకు 2004లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం లభించింది. అదే ఏడు కడలూరు గ్రామస్థులు బకెట్‌తో పట్టిన గాలిని అమెరికాలోని ప్రయోగశాలలో పరీక్షింపజేయగా 22 విషరసాయనాలు బయటపడ్డాయి. వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. సుప్రీంకోర్టు నియమించిన పర్యవేక్షక సంఘం ఆ ప్రాంతానికి రావడం, గాలిలోని ఆవిరి రసాయనాలకు దేశంలో ప్రమాణాలే లేవన్న సంగతి చర్చకు రావడం ఆ తరువాత జరిగిన పరిణామాలు. 2009నాటి జాతీయ ప్రమాణాలలో బెంజీను కూడ చేరింది.

కడలూరు పద్ధతిని గోదావరి ఒడ్డుకు తెచ్చుకోవడం కష్టం కాదు. క్రాఫ్ట్ పద్ధతిలో గుజ్జు తయారుచేసే కాగితపు మిల్లులన్నిటా వెలువడే వాసన ఆ మెర్‌కాప్టన్లదే. అది ఏ ఋతువులో ఎంతదూరం వ్యాపిస్తుందో, ఏ రాత్రి ఎక్కువవుతుందో నోటుపుస్తకంలో ఎక్కించగలవారు ఆ పరిసరాలలో నివసించేవారే. చలికాలపు రాత్రులలో నేల త్వరగా చల్లబడి, దానిపై చల్లనిగాలి పొర నిలుస్తుంది. ఆ పొరలో పొగ పైకి లేవలేక చిక్కుకొంటుంది. నదీలోయలలో ఇది మరింత ఎక్కువ. ఈ సూత్రం తెలిసిన విద్యార్థికి డిసెంబరు వేకువన తన వీథిలో పొగ ఎందుకు తారట్లాడుతున్నదో అర్థమవుతుంది.

అయితే ప్రజల పుస్తకానికి చట్టంలో ఏపాటి విలువ? పొగగొట్టం నుండి నమూనా తీసే అధికారం మండలి అధికారులది. నిర్ణీత పద్ధతిలో తీసిన నమూనాకే న్యాయస్థానంలో సాక్ష్యపు విలువ. కనుక ప్రజల లెక్క నేరాన్ని ఋజువు చేయదు. అది అధికారిని సరియైన వేళకు, సరియైన చోటికి రప్పిస్తుంది. మంగళవారాలు, శుక్రవారాలు రాత్రి రెండుగంటలకు పొగ వస్తున్నదని మూడునెలల లెక్క చూపిన అర్జీని త్రోసివేయడం, గాలి బాగాలేదనే అర్జీని త్రోసివేసినంత సులభం కాదు. భోపాల్ దుర్ఘటన తరువాత 1987లో వాయుచట్టాన్ని సవరించి, 60 రోజుల ముందస్తు నోటీసు ఇచ్చిన పౌరుడెవరైనా న్యాయస్థానంలో ఫిర్యాదు చేయవచ్చునని నిర్ణయించారు. 2005నాటి సమాచారహక్కు చట్టం వలన మండలి దగ్గర ఉన్న కొలతలను అడిగి తీసుకొని తమ లెక్కతో పోల్చుకొనే వీలు కలిగింది. కాలుష్యమండలి ప్రాంతీయ కార్యాలయం కొత్తగూడెంలోనే ఉన్నది.

మరొక ద్వారం ప్రజాభిప్రాయ సేకరణ. పెద్దపరిశ్రమల అనుమతికి ముందు దీనిని జరపాలని 1997లో నిబంధన వచ్చింది. 2006నాటి ప్రకటన ప్రకారం కనీసం 30 రోజుల ముందుగా పత్రికలలో తెలియజేయాలి. నివేదిక సంగ్రహాన్ని స్థానికభాషలో అందుబాటులో ఉంచాలి. సభను వీడియో తీయాలి. ఈ సభలలో వచ్చేవారు తరచుగా ఉద్యోగాలు కావాలనో, పరిశ్రమ వద్దనో నినాదాలు చేసి పోతారు. నివేదికను చదివి వచ్చినవారు తక్కువ. నిజానికి అందులోని గాలి లెక్క సాధారణంగా ఒక్క ఋతువుకు, అనగా వర్షాలు లేని మూడునెలల కాలానికి సంబంధించినది. మిగిలిన తొమ్మిదినెలల గాలిని గురించి అడగగలిగే అవకాశం ఊరిలో పుస్తకం వ్రాసుకొన్నవారికే ఉంటుంది.

ఈ నిబంధనలు కాగితానికే పరిమితం కావని మణుగూరు సమీపంలోని భద్రాద్రి థర్మల్ విద్యుత్కేంద్రం విషయంలో తేలింది. 1080 మెగావాట్ల ఆ కేంద్రపు నిర్మాణపనులు పర్యావరణ అనుమతికి ముందే మొదలయ్యాయని మానవ హక్కుల వేదిక వేసిన పిటిషనుపై జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 డిసెంబరులో పనులను నిలిపివేయించింది. అవసరమైన ప్రక్రియలు ముగిసిన మీదట 2017లో అనుమతి లభించింది. 2022 జనవరి నాటికి నాలుగు యూనిట్లూ పనిచేయనారంభించాయి. కేంద్రం ఆగలేదు కదా అని కొందరు పెదవి విరుస్తారు. నిబంధనను దాటివేయడం కుదరదన్న సంగతి నమోదు కావడం కూడ తక్కువ విషయమేమీ కాదు.

ఇక్కడ ఒక సున్నితమైన సమస్యను దాచడం తగదు. గనిలో, కేంద్రంలో, మిల్లులో పనిచేసేవాడు గాలిని గురించి నోరు విప్పడానికి జంకుతాడు. పరిశ్రమ మూతపడితే తన పిల్లల చదువేమి కావాలన్నది అతని భయం. ఆ భయం న్యాయమైనదే. కాని మూసివేత, మౌనం అనే రెండింటి నడుమ ఎన్నో పనులున్నాయి. సత్తుపల్లి గనుల బొగ్గు లారీలలో రహదారి వెంట కొత్తగూడెం వైపు వచ్చేది. లారీలు పోయినంతమేర ఊళ్ళపై నల్లని ధూళి. భద్రాచలం రోడ్ స్టేషను నుండి సత్తుపల్లికి సుమారు 54 కిలోమీటర్ల రైలుమార్గం వేయగా, 2022లో ఆ బొగ్గు రైలెక్కింది. గని మూతపడలేదు, బొగ్గు ఆగలేదు. మారినది రవాణా మాత్రమే. ఇటువంటి మార్పులను పేరుపెట్టి అడగడం నేర్చుకొన్న ప్రజలకు శత్రువులు తక్కువగా ఉంటారు.

బూడిద సంగతీ అంతే. దేశీయ విద్యుత్కేంద్రాలు వాడే బొగ్గులో 30 నుండి 45 శాతం వరకు బూడిద ఉంటుంది. పొగగొట్టానికి ముందు అమర్చే స్థిరవిద్యుత్ అవక్షేపకాలు అందులో అధికభాగాన్ని పట్టివేస్తాయి. ఆ యంత్రాలలో ఒక భాగం పనిచేయకపోతే పొగ రంగు మారుతుంది. ఆ మార్పును మొదట చూసేది ప్రక్కన ఉన్న ఊరే. పట్టిన బూడిదను నీటితో కలిపి చెరువులకు పంపుతారు. చెరువు తడిగా ఉన్నంతకాలం బాధ లేదు. ఎండినప్పుడే అది గాలిలోనికి లేస్తుంది. ఎండిన భాగంపై నీరు చల్లించడం, మట్టికప్పి గడ్డి పెంచడం, ఇటుకలకు, సిమెంటుకు బూడిదను తరలించడం దీనికి మార్గాలు. 1999లోనే కేంద్రప్రభుత్వం బూడిద వినియోగంపై నిబంధనలు చేసింది. పాల్వంచలోని 720 మెగావాట్ల పాత యూనిట్లు 2020 నాటికి మూతపడ్డాయి. 2024 ఆగస్టులో వాటి శీతలీకరణ గోపురాలు ఎనిమిదింటిని ప్రేలుడు పదార్థాలతో కూల్చివేశారు. ఆ దృశ్యాన్ని చూడడానికి జనం ఉత్సాహపడ్డారు. ఆ యూనిట్లు ఐదు దశాబ్దాలుగా విడిచిన బూడిద అంత సులభంగా మాయమయ్యేది కాదు.

పొగ అంతా పరిశ్రమలదే అనుకోవడమూ సరికాదు. ఏజెన్సీ గ్రామాలలో కట్టెలపొయ్యి దగ్గర కూర్చున్న స్త్రీ పీల్చే పొగ ఏ కర్మాగారపు పొగకూ తీసిపోదు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం ద్వారా మహిళాసంఘాల సభ్యులకు వంటగ్యాస్ ఇప్పించింది. 2016లో కేంద్రప్రభుత్వపు ఉజ్జ్వల వచ్చింది. పొయ్యి వచ్చినంత మాత్రాన పొగ పోలేదు. సిలిండరు ఖాళీ అయిన తరువాత మళ్ళీ నింపించుకొనే స్తోమతు లేక, అడవి చేరువలోనే ఉన్నందున కట్టెలవైపు మళ్ళినవారున్నారు. ఎన్ని ఇండ్లలో నెలకు ఎన్ని రోజులు గ్యాసు వెలుగుతున్నదో లెక్కతీయగలిగినది ఊరిలోని మహిళాసంఘమే. ఏ యంత్రమూ ఆ లెక్క చెప్పలేదు.

వేసవిలో అడవి నిప్పు మరొకటి. ఇప్పపూలు రాలే కాలంలో పూలు కనిపించడానికి చెట్టుక్రింది ఆకులను కాల్చడం, తునికి చిగుళ్ళు బాగా వస్తాయని పొదలకు నిప్పు పెట్టడం పాతకాలపు అలవాట్లు. ఒకప్పుడు నిప్పు కొద్దిలోనే ఆరేది. ఎండుటాకుల మేట, వేడిగాలి తోడైతే అది కొండదాకా ప్రాకుతుంది. 2004 నుండి భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహాల సాయంతో నిప్పు ఆనవాళ్ళను పసిగట్టి తెలియజేస్తున్నది. అయితే ఉపగ్రహం చూసేది చెలరేగిన నిప్పునే. చెట్టుక్రింద ఆకులను కాల్చడానికి బదులు ఊడ్చివేయడం, లేదా చీరలు, వలలు పరవడం వంటి మార్పు గూడెంలో జరగవలసినదే. 1992 నుండి ఏర్పడిన వనసంరక్షణ సమితులు నిప్పుగీతలు తీయడంలో, కాపలాలో అటవీశాఖకు తోడుగా పనిచేశాయి. పూలు ఏరుకొనే స్త్రీలను సమితి సమావేశానికి పిలవకుండా చేసిన తీర్మానాలు మాత్రం అడవిదాకా చేరవు.

కొద్దిసంవత్సరాలుగా అరచేతిలో ఇమిడే ధూళిమాపకాలు కొన్నివేల రూపాయలకే లభిస్తున్నాయి. కాంతికిరణం ధూళికణాలపై పడి చెదరే తీరును బట్టి ఇవి లెక్క చెబుతాయి. గాలిలో తేమ ఎక్కువైతే నీటిబిందువులను కూడ ధూళిగా లెక్కించి ఎక్కువ చూపుతాయి. కనుక వానకాలపు అంకెలను నమ్మేముందు మండలి యంత్రం ప్రక్కన కొన్నాళ్ళు ఉంచి సరిచూసుకోవాలి. ఖరీదు లేని సాధనాలూ ఉన్నాయి. సల్ఫర్ డైఆక్సైడ్ ఎక్కువైన చోట చెట్లబెరడుపై పెరిగే రాతిపువ్వు జాతి లైకెన్లు క్షీణిస్తాయి. కిన్నెరసాని అడవిలోని చెట్లను, పట్టణంలోని చెట్లను పోల్చి చూడడం ఒక కళాశాల తరగతికి ఒకరోజు పని. తెల్లని అట్టపై పలుచగా వాజలీను పూసి డాబాపై 24 గంటలు ఉంచి, భూతద్దంతో ఒక చదరపు సెంటీమీటరులోని మచ్చలను లెక్కిస్తే వీథికీ వీథికీ తేడా తెలుస్తుంది. తేదీ, వేళ, గాలిదిక్కు వ్రాయని అట్ట దేనికీ పనికిరాదు. ఫిబ్రవరి మధ్యలో ఆకులు రాలే వేళ మొదలుపెట్టి, ఇప్పపూల కాలం, తునికాకు కాలం దాటి తొలకరి పడేవరకు ఈ పని సాగిస్తే నాలుగునెలల లెక్క చేతికి వస్తుంది. పరిశ్రమల నివేదికలలో ఉండే లెక్కకంటె అది ఒక నెల ఎక్కువ.